రెప్ప వాల్చని రుపెల్టా

రుపెల్ట్ కుటుంబం కెమెరాల్లోకి దిగింది ఒక గుర్రం పుణ్యమా అని.

జర్మనీలో డ్రెస్డెన్‌కి ఎగువన, మ్యూగ్లిట్స్ ఏటి లోయలో, బీరువాలూ పెట్టెలూ చేసుకుని బతికే ముసలి రుపెల్ట్ వాకిట్లో ఒకనాడు ఓ బండి బోల్తా పడింది. ఊరూరూ తిరిగి ఫొటోలు తీసే మనిషి బండి అది. గుర్రానికి ఏమీ కాలేదు. మనిషికీ ఏమీ కాలేదు. కెమెరా మాత్రం ముక్కలైంది. "పెట్టేగా, చేసిపెడతాను" అన్నాడు ముసలాయన. పాతదానికంటే ఇదే బాగుందని ఆ మనిషి పోయిన ప్రతి ఊళ్ళోనూ చెప్పుకున్నాడు. అలా అక్రోటు చెక్కతో, ఇత్తడి మూలలతో రుపెల్టా కెమెరాలు మొదలయ్యాయి. తర్వాత చెక్క పోయి రేకు వచ్చింది. గాజుపలకలు పోయి ఫిల్ము చుట్టలు వచ్చాయి. పెద్ద కంపెనీలు బండ్ల కొద్దీ చేసి అమ్ముతుంటే, రుపెల్ట్‌ల పనివాళ్ళు మాత్రం ఒక్కో కెమెరానీ పెళ్ళికూతుర్ని ముస్తాబు చేసినట్టు చేసి పంపేవాళ్ళు. వేళాకోళం చేసేవాళ్ళు చేశారు, కొనేవాళ్ళు కొన్నారు.

ఇంతలో యుద్ధం వచ్చింది. కెమెరాలు చేసిన చేతులే తుపాకులకి గురిచూసే గొట్టాలు చేశాయి. యుద్ధం ఓడిపోయాక, గెలిచినవాళ్ళు వచ్చి యంత్రాలన్నీ విప్పి రైలెక్కించుకుపోయారు. అప్పటికి యజమాని ముసలాయన కొడుకు గోత్‌హిల్ఫ్. ఆయన ఒక్క లేతు మిషన్ని మాత్రం నేలమాళిగలో బంగాళాదుంపల కుప్ప కింద దాచాడు. ఆ చలికాలం దుంపలు తినేకొద్దీ మిషను బయటపడుతుంటే, ఇంట్లోవాళ్ళకి ఆకలితో పాటు గుండెదడ కూడా పెరిగింది. అదృష్టం, ఎవరూ వచ్చి చూడలేదు.

ఆ లేతు మీదే ఆయన తన ఆఖరి కెమెరా చేశాడు. ఛాతీకి ఆనించి పట్టుకుని, పైనుంచి తొంగిచూసే రకం. దాని కడుపులో ఏటవాలుగా ఓ చిన్న అద్దం ఉంటుంది. కటకంలోంచి వచ్చిన బొమ్మని అది పైనున్న గాజుబిళ్ళ మీదికి పంపుతుంది, కుడి ఎడమలు తారుమారు చేసి. మీట నొక్కగానే అద్దం టప్పున పైకి లేస్తుంది, గాజు నల్లబడిపోతుంది. మళ్ళీ ఫిల్ము తిప్పితే తప్ప అద్దం కిందికి దిగదు. అయితే ఆ వర్క్‌షాపులో దాన్ని ఎవరూ అద్దం అనేవాళ్ళు కాదు. ఆ రకం కెమెరాలు చెయ్యడం మొదలుపెట్టిన నాటి నుంచీ రెప్ప అనేవాళ్ళు. "రెప్ప బిగుసుకుపోయింది" అనీ, "రెప్పకి చుక్క నూనె పట్టించు" అనీ. కొంప ముంచింది ఆ మాటే.

గోత్‌హిల్ఫ్ మాస్టరు ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం పోయాడు. మేడమీద వర్క్‌షాపులో, కిటికీ పక్క కుర్చీలోనే పోయాడు. ఒళ్ళో కెమెరా, దాని మీదికి వంగిన తల. కాఫీ తెచ్చిన క్లెమ్మత్త, ఆయన పనిలో ఉన్నాడనుకుని కప్పు పక్కన పెట్టి వెళ్ళిపోయింది. మళ్ళీ వచ్చేసరికి కాఫీ మీద మీగడ కట్టి ఉంది. ఆయన కదల్లేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి.

క్లెమ్మత్త ఆ ఇంటికి చుట్టం కాదు. కెమెరాలకి తోలు అతికించే పనికి పెళ్ళికి ముందు వచ్చి, మొగుడు పోయాక వంటింటి పెత్తనం కూడా తీసుకున్న మనిషి. చావు జరిగిన ఇంట్లో ఏం చెయ్యాలో ఆవిడకి తెలుసు. కిటికీ తెరిచింది, పోయినవాడు పోవడానికి. గోడగడియారం లోలకం ఆపింది. ఆ తర్వాత నల్లగుడ్డలు పట్టుకుని అద్దాల వేటకి బయల్దేరింది. బీరువా అద్దం, మొహం కడుక్కునే చోట అద్దం, మాస్టరు గడ్డం గీసుకునే అద్దం. దేన్నీ వదల్లేదు.

"అత్తా, సూపు గరిటెకి కూడా ముసుగేస్తారా?" అంది మాస్టరు కూతురు హెడ్విగ్. ఏడ్చి ఏడ్చి ఉన్న మనిషి, అయినా నవ్వొచ్చింది.

"వేస్తాను. నీ సొమ్మేం పోయింది?" అంది క్లెమ్మత్త. "పోయినవాళ్ళు అద్దంలో పడ్డారంటే ఇంక కదలరు హెడీ. కదిలినా ఒంటరిగా కదలరు. తోడు తీసుకునే కదులుతారు."

గరిటెకి కూడా ముసుగేసింది. మాస్టరు ఒళ్ళోంచి తీసిన కెమెరాని మాత్రం ఎవరో పనిబల్ల మీద పెట్టేశారు. పైమూత తెరిచే ఉంది. ఫిల్ము తిప్పి, ఫొటో తియ్యడానికి సిద్ధంగా ఉంది. దాని రెప్ప కిందికే ఉంది, గదినంతా చూస్తూ. ఆ ఇంట్లో అందరూ పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ కెమెరాల మధ్య బతికినవాళ్ళే, ఒక్కరికీ తట్టలేదు.

గడ్డకట్టిన నేలని గునపాలతో తవ్వి మాస్టర్ని పాతిపెట్టారు. ముసుగులు తీసేశారు. గడియారం మళ్ళీ నడిచింది. హెడ్విగ్‌కి దుఃఖపడే తీరిక కూడా లేదు. మొగుడు తూర్పు యుద్ధభూమి నుంచి తిరిగి రాలేదు, అన్నదమ్ములు లేరు. లైప్‌జిగ్ సంతలో కొత్త కెమెరాని చూపించే భారమంతా ఆమె నెత్తినే పడింది. అయినా అదేమీ ఆమెకి లెక్కలోది కాదు. ఆమెకి ఉన్నది ఒక్కటే, లోరె. అప్పుడప్పుడే బడికి పోతున్న కూతురు.

లోరె బడి నుంచి వచ్చి తిన్నగా మేడమీదికి పోయేది. తాతయ్య కుర్చీ అక్కడుంది కదా, పోనీలే అనుకునేది హెడ్విగ్. ఒకనాడు జిగురు డబ్బా కోసం పైకెళ్తే, పిల్ల ముక్కాలిపీట ఎక్కి కెమెరాలోకి తొంగిచూస్తోంది. చేతులు వెనక్కి కట్టుకుంది, తాకకూడదని చెప్పారు కాబట్టి.

"ఏం చూస్తున్నావే?"

"తాతయ్యని."

హెడ్విగ్ జిగురు డబ్బా మాట మరిచిపోయింది. పిల్లని ఎత్తుకుని, "ఏం చేస్తున్నాడేం తాతయ్య?" అంది, ముద్దుచేస్తూ.

"చోటు చేస్తున్నాడు. తన పక్కన. నా కోసం."

హెడ్విగ్ పిల్లని మరి మేడ ఎక్కనివ్వలేదు. అదేదో భయంతో కాదు, పిల్ల బెంగపెట్టుకుందని. కానీ అప్పటికే ఏదో మొదలైంది. ముందు క్లెమ్మత్త కనిపెట్టింది. లోరె సూపు ఎడమచేత్తో తాగుతోంది. "వంకర బుద్ధులు ఎక్కడ నేర్చావే, కుడిచేత్తో తిను" అని గదిమితే, పిల్ల తన చేతులు రెండూ చూసుకుని, "ఇదే కుడి" అంది. బడి నుంచి పలక వచ్చింది. దాని మీద లోరె అన్న పేరు వెనక నుంచి ముందుకి, ఒక్కో అక్షరం అటు తిరిగి ఉంది. పిల్ల వేళ్ళు ఎప్పుడూ చల్లగా ఉంటున్నాయి. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయి మేడకేసి చూస్తోంది. డాక్టరు వచ్చి రక్తం తక్కువన్నాడు, కాలేయం వండి పెట్టమన్నాడు.

స్నానం చేయించేటప్పుడు హెడ్విగ్ చూసింది. నిరుడు మంచుబండి మీంచి పడినప్పుడు లోరె గడ్డం కింద ఎడమపక్క తెగింది. కుట్లు వేయించింది తనే. ఆ మచ్చ ఇప్పుడు కుడిపక్క ఉంది.

ఆమె చేతిలోంచి సబ్బు జారిపోయింది. పిల్ల వైపు చూడటానికి తనకే భయం వేసింది. కన్నకూతురి ముఖం చూడటానికి భయపడ్డందుకు సిగ్గూ వేసింది. తువ్వాలు చుట్టి, పిల్లని క్లెమ్మత్త ఒళ్ళో పెట్టి, మేడెక్కింది.

వర్క్‌షాపులో కొలిమి ఆరిపోయి చాలాసేపైంది. బొగ్గు వాసన, తోలు జిగురు వాసన, పెట్రోలు వాసన. వాటి కింద ఇంకొకటి. నాన్న గడ్డం సబ్బు వాసన. కిటికీ బయట మంచు కురుస్తోంది. గదిలో ఆ మంచు వెలుగు తప్ప ఇంకేం లేదు. హెడ్విగ్ పీట ఎక్కలేదు. నిలబడే వంగి చూసింది.

గాజుమీద గది కనిపించింది. ఎడమనున్న కిటికీ కుడికి పోయింది. గోడమీద క్యాలెండరు అంకెలు తిరగబడ్డాయి. అది మామూలే. అలాగే కనిపించాలి. కిటికీ పక్క కుర్చీలో నాన్న కూర్చుని ఉన్నాడు. చొక్కా చేతితో బల్లమీద దుమ్ము తుడుస్తున్నాడు... మెల్లగా... ఒకరు కూర్చోవడానికి సరిపడా.

ఆయన ఎడమచేతి ఉంగరపువేలు సగమే ఉండేది. కుర్రతనంలో మిషన్లో పడి తెగింది. గాజులో ఆ సగం వేలు కుడిచేతికి కనిపించాలి. కనిపించలేదు. ఎడమచేతికే ఉంది. గదంతా తిరగబడింది, ఆయన తిరగబడలేదు.

హెడ్విగ్ కెమెరాల వాళ్ళ బిడ్డ. ఆమెకి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. కటకం ముందున్నది ఏదైనా తిరగబడి తీరాలి. తిరగబడలేదంటే అది కటకం ముందు లేదు. మరి ఎక్కడుంది?

నాన్న తుడవడం ఆపాడు. తల ఎత్తాడు. గాజు అడుగు నుంచి తిన్నగా ఆమె కళ్ళలోకి చూశాడు. కోపం లేదు ఆ ముఖంలో. చాలా ప్రేమగా ఉంది. అందుకే ఆమె మెట్లమీద పడుతూ లేస్తూ కిందికి పరిగెత్తింది.

క్లెమ్మత్త అంతా వింది. తర్వాత తన నోరు తనే చేత్తో మూసుకుంది.

"రెప్ప" అంది. "అది అద్దమే కదే అమ్మాయ్... నలభై ఏళ్ళుగా రెప్ప, రెప్ప అనుకుంటూ... నా చేతులు పడిపోను. గరిటెకి ముసుగేశాను. దానికి వెయ్యలేదు."

"పగలగొట్టేద్దాం."

"పిచ్చిదానా! పిల్ల సగం అందులో ఉంది. పగలగొడితే ఆ సగం ఎక్కడికి పోతుంది?" క్లెమ్మత్త గొంతు తగ్గించింది. పక్క బల్లమీద లోరె నిద్రపోతోంది. "మూసెయ్యాలి. మీట నొక్కితే రెప్ప పైకి పోతుంది, ఆయన దారిన ఆయన పోతాడు. కానీ ఊరికే పోడు హెడీ. నొక్కిన క్షణంలో ఆ కెమెరా ఎవర్ని చూస్తుంటే వాళ్ళని పట్టుకుపోతాడు. అందుకని ఖాళీ గోడకేసి పెట్టు. గోడ ఖాళీగా ఉందని గాజులో చూసి మరీ నొక్కు. ఆ తర్వాత దాన్ని ఎవరూ తిప్పకూడదు. ఎప్పటికీ."

"ఇప్పుడేనా?"

"పిల్లని చూడు. రేపటికి ఆగుతుందా?"

హెడ్విగ్ చూసింది. లోరె పాపిట కూడా అటు పక్కకి మారిపోయింది.

ఇద్దరూ పైకి వెళ్ళారు. సాయంత్రపు వెలుగు పోతోంది, కిటికీ గాజులు నీలంగా మారాయి. క్లెమ్మత్త గుమ్మంలో నిలబడిపోయింది, లోపలికి రాలేదు. హెడ్విగ్ కెమెరాని ఛాతీకి ఆనించుకుంది. ఇనుము గదా, చల్లగా ఉండాలి. గోరువెచ్చగా ఉంది.

సున్నం వేసిన గోడకేసి తిరిగింది. బల్ల లేదు, కుర్చీ లేదు, మేకు కూడా లేదు అక్కడ. వంగి చూసింది.

తెల్లటి గోడ. అంతే. నాన్న లేడు. ఎవరూ లేరు. ఆమెకి గట్టిగా ఏడవాలనిపించింది, అంత ఊరట కలిగింది. వేలు మీట మీద పెట్టింది.

గాజు అంచున ఏదో కదిలింది.

చిన్న పాదాలు. మేజోళ్ళు లేవు. తర్వాత రాత్రి గౌను అంచు... తర్వాత లోరె.

హెడ్విగ్ తల ఎత్తింది. గోడ ఖాళీగా ఉంది.

తల దించింది. లోరె గోడకి ఆనుకుని నిలబడి ఉంది. వణుకుతోంది. గడ్డం కింద మచ్చ ఎడమపక్కనే ఉంది, ఉండాల్సిన చోటే. పిల్ల భుజం మీద ఒక పెద్ద చెయ్యి ఉంది. ఉంగరపువేలు సగమే.

"నొక్కు హెడీ" గుమ్మంలోంచి గుసగుస.

"లోరె ఉందత్తా..."

"లోరె కింద పొయ్యి పక్కన పడుకుంది. ఇప్పుడేగా చూశాం. నొక్కు."

"కింద ఉన్నది..." హెడ్విగ్ మళ్ళీ గాజులోకి చూసింది. కింద ఉన్నదానికి మచ్చ అటు పక్క ఉంది. "కింద ఉన్నది నా కూతురు కాదత్తా. ఇదే నా కూతురు."

"వెలుగు పోతోందే..."

గాజులో లోరె పెదవులు కదిలాయి. చప్పుడు లేదు. అమ్మా అనడానికి ఏ పెదవులైనా ఎలా కదులుతాయో హెడ్విగ్‌కి తెలుసు. ఆ పెద్ద చెయ్యి పిల్లని మెల్లగా వెనక్కి లాగుతోంది. గోడలోకి... ఇంకొంచెం... ఇంకొంచెం...

హెడ్విగ్ ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే చెయ్యగలిగేది కాదేమో. కెమెరాని చేతుల్లో గిర్రున తిప్పి, కటకం తన ముఖానికేసి పెట్టుకుంది.

"నాన్నా, పిల్లని వదిలెయ్" అంది. "తోడు నేనొస్తాను."

నొక్కింది.

టప్.

రెప్ప మూసుకుంది. ఏమీ కాలేదు. గుండె ఆగలేదు. కళ్ళకి చీకట్లు కమ్మలేదు. గడ్డం సబ్బు వాసన మాత్రం ఒక్కసారిగా పోయింది, ఎవరో కిటికీ తెరిచినట్టు. తొంగిచూస్తే గాజు నల్లగా ఉంది.

అప్పుడు కింద నుంచి కేక వినిపించింది. "క్లెమ్మత్తా! ఆకలేస్తోంది!"

ఇన్ని రోజులుగా ఆ పిల్ల నోట ఆకలన్న మాట లేదు. క్లెమ్మత్త ఏప్రన్ కొంగుతో కళ్ళు తుడుచుకుని, హెడ్విగ్ చేతిలోని కెమెరాని లోపలే పెట్టించి, వర్క్‌షాపుకి తాళం వేసి, తాళంచెవి తన జేబులో పడేసుకుంది. ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడుతూ మెట్లు దిగారు.

లోరె బల్ల దగ్గర కూర్చుని రై రొట్టె మీద ఆల్‌బుకారా జాము పూసుకుంటోంది. కుడిచేత్తో. బుగ్గలకి రంగొచ్చింది. మచ్చ ఎడమపక్కకి వచ్చేసింది. హెడ్విగ్ గుమ్మంలోనే ఆగి కళ్ళారా చూసుకుంది. ఇంత సంతోషం తన జన్మలో ఎరగదు. తనకి ఏమైనా కానీ, రేపు పోతే పోనీ, పిల్ల దక్కింది.

"నా తల్లీ!" అంటూ చేతులు చాపింది.

లోరె రొట్టె నములుతూ ఆగిపోయింది. ఆమె వైపు చూసింది. పీట దిగి, మెల్లగా నడిచి, క్లెమ్మత్త కొంగు చాటుకి పోయింది.

"ఈవిడెవరు?"

"చాల్లే వేషాలు" క్లెమ్మత్త నవ్వింది. "మీ అమ్మేనే."

"కాదు."

"కాదేంటే, కళ్ళు కనిపించట్లేదా..." అంటూ క్లెమ్మత్త దీపం ఎత్తి హెడ్విగ్ ముఖంలోకి చూసింది. ఆవిడ చూపు ఆ ముఖం మీద ఒక పక్క నుంచి ఇంకో పక్కకి వెళ్ళింది. మళ్ళీ వెనక్కి వచ్చింది. నవ్వు ఆరిపోయింది.

"అత్తా? ఏంటత్తా?"

"అక్కడే ఉండు" అంది క్లెమ్మత్త, చాలా నెమ్మదిగా. "దగ్గరికి రాకు."

"అత్తా, నేను హెడీని!"

క్లెమ్మత్త దీపాన్ని ఇద్దరి మధ్యా అడ్డం పెట్టింది. రెండో చేత్తో పిల్లని వెనక్కి నెట్టుకుంది.

హెడ్విగ్‌కి ఒకటే ఉపాయం తోచింది. లోరెని నిద్రపుచ్చేటప్పుడు చెవిలో పిలిచే ముద్దుపేరు ఒకటుంది. తనకీ పిల్లకీ తప్ప లోకంలో ఎవరికీ తెలీదు. ఆ ఒక్క మాట అంటే చాలు, పిల్ల ఒళ్ళోకి ఉరుకుతుంది. నోరు తెరిచింది.

ఆ పేరు గుర్తు రాలేదు.

ఎంత వెతుక్కున్నా రాలేదు. పిల్ల పుట్టిన రాత్రి గుర్తుంది, మొదటి పన్ను గుర్తుంది. పేరు మాత్రం లేదు. ఆ చోట నల్లగా, ఖాళీగా ఉంది.

మేడమీద కుర్చీ జరిగిన చప్పుడైంది.

ముగ్గురూ పైకి చూశారు. వర్క్‌షాపు నేలమీద అడుగులు... కిటికీ నుంచి తలుపు దాకా. తర్వాత తాళం తిరిగింది. క్లెమ్మత్త తన జేబు తడుముకుంది. తాళంచెవి జేబులోనే ఉంది.

మెట్ల మీంచి ఒక గొంతు వినిపించింది. అలిసిపోయిన గొంతు, ప్రేమగల గొంతు. హెడ్విగ్ గొంతు.

"చిట్టెలుకా... పైకి రావే. తాతయ్య చోటుంచాడు మనకి."

లోరె ముఖం విప్పారింది. క్లెమ్మత్త కొంగు వదిలేసింది.

"వస్తున్నానమ్మా!"